గేజీ ఫోటోలో కాలువ పారుతుందా? ఫిజిక్స్ క్లాసు నుంచి ఒక కేస్ స్టడీ

నల్లగొండ జిల్లాలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పబట్టి పందొమ్మిదేళ్ళు. ఈ కేసు ఒకే ఒక్క అమ్మాయిది. మొదటి సంవత్సరం ఎంపీసీ, హాలియా వైపు ఊరు, తండ్రి నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద లష్కర్‌గా, అంటే నీళ్ళ పారకం చూసుకునే మనిషిగా, పనిచేస్తాడు. పేరు రాయడం లేదు. చదువులో వెనకబడ్డ పిల్ల కాదు. అందుకే ఈ కేసు నా చేతికి కొంచెం ఆలస్యంగా దొరికింది. మార్కులు బాగా వచ్చే పిల్లల సందేహాలు మనకు కనపడవు.

యూనిట్ టెస్టులో మామూలు లెక్క ఒకటి ఇచ్చాను. ఒక బండి t సెకన్లలో 3t² మీటర్లు పోతుంది, t = 2 దగ్గర దాని వేగమెంత? అవకలనం (డిఫరెన్షియేషన్) చేస్తే 6t, రెండు పెడితే 12. ఆ అమ్మాయి సెకనుకు 12 మీటర్లు అని రాసింది. పూర్తి మార్కులు వేశాను. పేపర్లు తిరిగి ఇచ్చేముందు చూస్తే, జవాబు కింద పెన్సిల్‌తో చిన్నగా ఇంకో లైను ఉంది: "కానీ t = 2 దగ్గర అది కదలదు కదా మేడం."

మర్నాడు స్టాఫ్ రూమ్‌కు పిలిచాను.

"ఏమ్మా, కదలదని ఎందుకు రాశావు?"

"t రెండు అంటే ఎంత సేపు మేడం?"

"సేపు ఉండదు. అదొక క్షణం."

"సేపే లేనప్పుడు ఎంత దూరం పోతది?"

"సున్నా."

"మరి సున్నా దూరం పోయినదానికి పన్నెండు ఎక్కడికెల్లి వచ్చింది మేడం?"

పక్క కుర్చీలో ఉన్న లెక్చరర్ నవ్వి, "ఇది ఎంసెట్‌లో రాదమ్మా, ఫార్ములా గుర్తుపెట్టుకో చాలు" అన్నారు. లేచి బీరువా దాకా నాలుగడుగులు నడిచి, "చూశావా, కదిలాను" అని కూడా చూపించారు. చలనం అసాధ్యమని వాదించినవాళ్ళ ముందు డయోజెనిస్ అనే గ్రీకు తత్వవేత్త ఇలాగే లేచి నడిచి చూపించాడని ఒక కథ ఉంది. ఆ కథ మా సహోద్యోగికి తెలియదు, అయినా అదే పని చేశారు. అమ్మాయి మర్యాదగా నవ్వి ఊరుకుంది. మనుషులు కదులుతారని ఆమెకు తెలియక కాదు కదా.

సరైన జవాబు, వేరే ప్రశ్నకు

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదనుకున్నాను. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో, ఇప్పటి దక్షిణ ఇటలీలో ఉన్న ఎలియా అనే ఊళ్ళో, జీనో అడిగాడు. ఆయన గురువు పార్మెనిడిస్. మార్పు అనేదే లేదు, ఉన్నది ఒక్కటే అన్నది గురువు మాట. జనం నవ్వుతుంటే శిష్యుడు ఎదురు తిరిగి, చలనం ఉందనుకుంటే ఇంకా పెద్ద చిక్కులు వస్తాయని చూపించాడు. ఆయన రాసినవి దాదాపు పోయాయి. అరిస్టాటిల్ తన భౌతికశాస్త్ర గ్రంథంలో ఖండించడానికి ఎత్తి రాయబట్టి నాలుగు చిక్కులు మన దాకా వచ్చాయి.

వాటిలో అందరికీ తెలిసింది అకిలిస్, తాబేలు పందెం. నేను దాన్ని దేవరకొండ రోడ్డు మీదికి తెచ్చాను. ముందు పల్లె వెలుగు బస్సు పోతోంది, గంటకు 40 కిలోమీటర్లు. దాని వెనక కిలోమీటరు దూరంలో ఎక్స్‌ప్రెస్, గంటకు 60. ఎక్స్‌ప్రెస్ ఆ కిలోమీటరు దాటడానికి ఒక నిమిషం. ఈలోగా పల్లె వెలుగు ఇంకో మూడింట రెండొంతుల కిలోమీటరు ముందుకు పోయింది. అది దాటడానికి 40 సెకన్లు. ఆలోపు అది ఇంకొంచెం. మళ్ళీ 26.7 సెకన్లు, మళ్ళీ 17.8. ఎప్పుడూ ఇంకొంచెం మిగిలే ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్రెస్ ఎన్నటికీ అందుకోలేదు అంటాడు జీనో.

బోర్డు మీద కూడుకుంటూ పోయాం. 60, 100, 126.7, 144.4... పదో మెట్టుకు 176.9 సెకన్లు. ఎన్ని మెట్లెక్కినా 180 దాటదు, దానికి కావలసినంత దగ్గరికి పోతుంది. మెట్లు లెక్కలేనన్ని, పట్టే సమయం మాత్రం సరిగ్గా మూడు నిమిషాలు. మూడో కిలోమీటరు రాయి దగ్గర అందుకుంటుంది. కూడికకు అంతం లేకపోయినా మొత్తానికి హద్దు ఉంటుందని చెప్పాను. నాలుగో వంతు, అందులో నాలుగో వంతు, అలా కలుపుకుంటూ పోతే మూడో వంతు వస్తుందని క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమెడిస్ చూపించాడు. కేరళలో నీలకంఠ సోమయాజి కూడా ఆర్యభటీయానికి రాసిన భాష్యంలో అదే శ్రేణిని పట్టుకుని, అంతులేని కూడిక మూడో వంతు దగ్గర ఎందుకు ఆగాలో చర్చించాడు. 1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ పుస్తకం వచ్చాక 'అవధి' (లిమిట్) అనే మాటకు గట్టి అర్థం ఏర్పడింది. ఇవన్నీ చెప్పాను. పీరియడ్ బ్రహ్మాండంగా పోయింది. వెనక బెంచీ వాళ్ళు కూడా కూడికలు చేశారు.

బెల్ కొట్టాక ఆ అమ్మాయి వచ్చి, "బస్సుల లెక్క మంచిగ సమజైంది మేడం. నేను అడిగింది అది కాదు" అంది.

ఇంటికి పోయి ఆలోచిస్తే నా పొరపాటు తెలిసింది. బస్సుల లెక్కలో 60, 40 అనే వేగాలను నేను ముందే చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాను. వేగం అంటే ఏమిటో తెలిసినట్టే నటిస్తూ, ఎప్పుడు, ఎక్కడ అందుకుంటుందో మాత్రమే తేల్చాను. ఆమె అడిగింది ఆ 60 గురించి. స్పీడోమీటర్ 60 చూపించిన ఆ ఒక్క క్షణంలో బస్సు దగ్గర 60 అనేది ఏముంది అని.

ఇది జీనో మూడో చిక్కు, బాణం. ఎగిరే బాణం ప్రతి క్షణంలోనూ తన పొడవుకు సరిపడా చోటులోనే ఉంటుంది. తనకు సరిపడా చోటులో ఉన్నది కదలనట్టే. కాలమంతా క్షణాలే అయితే బాణం ఎప్పుడు కదిలింది? అకిలిస్ చిక్కుకూ దీనికీ పోలిక పైపైనే. మొదటిదానికి శ్రేణి మొత్తం జవాబు, రెండోదానికి అది జవాబు కాదు. పుస్తకాల్లో రెంటినీ ఒకే గాట కట్టేసి 'కలనగణితంతో (కాల్క్యులస్‌తో) జీనో సమస్య తీరిపోయింది' అని రాస్తారు. నేనూ అలాగే చెప్పుకొచ్చాను, పందొమ్మిదేళ్ళు.

అవకలనం నేర్పాం కదా, అదే జవాబు కాదా అనవచ్చు. న్యూటన్ పద్ధతి మీద 1734లో బిషప్ బర్కిలీ వేసిన దెబ్బ ఇక్కడే. సమయపు ముక్కను ముందు సున్నా కాదనుకుని దానితో భాగిస్తారు, తర్వాత సున్నా అనుకుని తీసేస్తారు, ఇవేమన్నా చచ్చిపోయిన పరిమాణాల దయ్యాలా అని ఎగతాళి చేశాడు. మా లష్కర్ కూతురు పెన్సిల్‌తో రాసిందీ ఈ అభ్యంతరాన్నే, కాకపోతే మర్యాదగా.

గోటీ, పట్టీ, ఫోను

మాటలతో పని కాదని తేలాక ల్యాబ్‌లోకి దిగాం. వైరింగ్‌కు వాడే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ ఒకటి, దాదాపు 180 సెంటీమీటర్లు. ఒక కొన కింద రికార్డు పుస్తకాలు పెట్టి 10 సెంటీమీటర్లు లేపాం. పట్టీ పక్కన టైలర్ టేపు అంటించాం. గాజు గోటీ. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను ఒకటి, దాన్ని బ్యూరెట్ స్టాండుకు రబ్బరు బ్యాండ్లతో కట్టి 100 మార్కుకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టాం. పక్కనుంచి తీస్తే కొలత తప్పుతుంది. ఎవరైనా చేయదలిస్తే ఒక సంగతి. ట్యూబ్‌లైటు వెలుతురులో చేయకండి. మన కరెంటుకు పాత ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. కంటికి తెలియదు కానీ ఈ వీడియోలో సగం ఫ్రేములు చీకటిగా వస్తాయి. మేము ఒక పూట పోగొట్టుకుని, చివరికి కిటికీ పక్కకు మార్చుకున్నాం.

గోటీని సున్నా దగ్గర వదిలితే వేగం పుంజుకుంటూ దొర్లుతుంది. సరిగ్గా 100 మార్కు దగ్గర దాని వేగమెంత అన్నది ప్రశ్న. 100 దాటాక 120 ఫ్రేములు, అంటే అర సెకనులో, అది 46.9 సెంటీమీటర్లు పోయింది. సగటు సెకనుకు 93.8. 60 ఫ్రేములే తీసుకుంటే 22.3 సెంటీమీటర్లు, సగటు 89.2. 24 ఫ్రేములకు 8.7, సగటు 87. 12 ఫ్రేములకు 4.3, సగటు 86.

"తగ్గుకుంట పోతుంది మేడం. ఒక్క ఫ్రేముకు చూద్దాం" అని ఆమే తొందరపడింది.

చూసింది. గోటీ 3 మిల్లీమీటర్లు కదిలినట్టుంది, వేగం 72 వచ్చింది. పక్క పిల్లాడు అదే ఫ్రేమును 4 మిల్లీమీటర్లని చదివాడు, అతనికి 96 వచ్చింది. ఇద్దరూ వాదించుకున్నారు. టేపు మీద ఉన్న గీతలే మిల్లీమీటరుకొకటి. అందులో అరకొర ఎట్లా చదువుతాం? ముక్క చిన్నదయ్యేకొద్దీ వేగం ఒక అంకె దగ్గరికి వచ్చింది, మరీ చిన్నదయ్యేసరికి కొలతే చెదిరిపోయింది. ఈ చెదరడం నాకు చాలా ఉపయోగపడింది. 'ముక్కను సున్నా చేస్తే వేగం దొరుకుతుంది' అని మనం బోర్డు మీద తేలిగ్గా అనేస్తాం. సున్నా దాకా పోయి ఎవరూ కొలవలేరు. పోతున్న దారి ఎటు చూపిస్తుందో చూసి అంకె చెబుతాం.

తర్వాత వెనక్కి కొలిచాం, 100 మార్కు చేరకముందు. 60 ఫ్రేములకు సగటు 80.4, 24 ఫ్రేములకు 83, 12 ఫ్రేములకు 84. ముందు వైపు నుంచి 89.2, 87, 86 అని దిగుతోంది. వెనక వైపు నుంచి 80.4, 83, 84 అని ఎక్కుతోంది. మధ్యలో చిక్కింది 85. ఒక పిల్లాడు అటు 12, ఇటు 12 కలిపి కొలిచి నేరుగా 85 తెచ్చాడు. వాలు ఒక్కతీరుగా ఉండి త్వరణం మారకపోబట్టి అది కుదిరింది. అన్నిచోట్లా అట్లా సరిగ్గా పడదని అతనికి విడిగా చెప్పాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి చాలాసేపు 100 మార్కు మీద గోటీ ఉన్న ఫ్రేమును ఆపి పెట్టుకుని చూసింది. "85 ఈ ఫోటోల లేదు మేడం. చుట్టుపక్కల ఫోటోలల్ల ఉంది" అంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ బాణానికి చెప్పిన జవాబు ఇదే. ఒక క్షణంలో కదలడం అనే ప్రత్యేకమైన పని ఏదీ లేదు. ఈ క్షణాన ఇక్కడ, ఆ క్షణాన అక్కడ ఉండటమే కదలడం. బాణం ఏ ఒక్క క్షణంలోనూ కదలదు, నిలబడదు కూడా, ఎందుకంటే నిలబడటానికీ కొంత సేపు కావాలి. కాలం క్షణాల పోగు కాదని అరిస్టాటిల్ అన్నదీ దీనికి దగ్గరి మాటే.

బండి స్పీడోమీటర్ కూడా క్షణాన్ని కొలవదని చెప్పాను. పాత బైకుల్లో చక్రం నుంచి వచ్చే కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెలో పుట్టే కరెంటు ఆ గిన్నెను ఈడుస్తుంది, స్ప్రింగు ఆపుతుంది. ముల్లు కదలడానికే కొంత సేపు పడుతుంది. విజయవాడ హైవే మీద చలానా పడేసే లేజర్ గన్ కూడా ఒకదాని వెంట ఒకటి బోలెడు కాంతి తునకలు పంపి, దూరం ఎట్లా మారుతుందో చూసి వేగం చెబుతుంది. క్షణంలో కదలలేదని జీనోను అడ్డం పెట్టుకుని చలానా తప్పించుకోలేం.

కేసు ముగిసిందనుకున్నాను.

గేజీ

వారం తర్వాత ఫోను పట్టుకుని మళ్ళీ వచ్చింది. అందులో వాళ్ళ నాన్న చూసే మేజర్ కాలువ (పెద్ద కాలువ నుంచి చీలే కాలువ) దగ్గరి గేజీ ఫోటో. కాలువ గోడకు అడుగులు, అంగుళాలు గీసిన పలక, దాన్ని తాకుతున్న నీళ్ళు.

"ఈ ఒక్క ఫోటో పంపిస్తే మా నాన్న ఎన్ని క్యూసెక్కులు పోతున్నయో చెప్తడు మేడం. కదలిక ఒక్క ఫోటోల ఉండదంటిమి గదా?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. అది పూర్తిగా పారకానికి సంబంధించిన అంకె. గేజీ చూపించేది ఎత్తు, అందులో సెకను అనేదే లేదు. అయినా లష్కర్ ఎత్తు చూసి పారకం చెబుతున్నాడు.

ఆదివారం వాళ్ళ ఊరు పోయాను. పిల్లలను వెంట తీసుకుపోలేదు. పారే కాలువ గట్టు మీద క్లాసు పెట్టేంత ధైర్యం నాకు లేదు. ఆయన రిజిస్టరు చూపించాడు. ఏ ఎత్తుకు ఎన్ని క్యూసెక్కులో పట్టిక వేసి ఉంది. "ఇది ఎవరు వేశారన్నా?" అంటే, ఇంజనీర్లు ఎప్పుడో నీళ్ళు కొలిచి వేశారన్నాడు. మేమూ ఒకసారి కొలుద్దామనుకున్నాం. గట్టు మీద 30 మీటర్లు టేపుతో కొలిచి, ఎండు కొబ్బరి బొండాన్ని పైనుంచి వదిలాం. 37, 35, 38 సెకన్లు పట్టింది. పైన నీళ్ళ వేగం సెకనుకు 0.82 మీటర్లు. అడుగున, అంచుల్లో నీళ్ళు నెమ్మదిగా పోతాయి కాబట్టి 0.85తో గుణిస్తే సగటు 0.7. కాలువ సగటు వెడల్పు 3 మీటర్లు, లోతు 0.7. మొత్తం మీద 52 క్యూసెక్కులు. పట్టికలో 55 ఉంది. బొండంతో చేసిన కొలత ఇంత దగ్గరగా రావడమే ఎక్కువ.

అప్పుడాయన మాటల్లో మాటగా అన్నాడు: "పట్టిక నమ్మాలంటే కింద ఏమీ అడ్డం ఉండొద్దు మేడం. కింద తూము మూసిండ్రనుకో, నీళ్ళు ఎగదన్ని నిలబడతయి. గేజీ గంతే చూపిస్తది, నీళ్ళు మాత్రం పోవు."

నేను పదిహేను రోజులుగా వెతుకుతున్నది ఈ ఒక్క మాటలో ఉంది. ఒకే గేజీ, ఒకే ఎత్తు. ఒక ఫోటోలో కాలువ పారుతోంది, ఇంకోదాంట్లో నిలిచి ఉంది. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా లేదు. జీనో బాణానికీ, గోడకు తగిలించిన బాణానికీ ఒక క్షణంలో తేడా ఏదని అడిగితే ఇదే.

సోమవారం ఆ అమ్మాయితో మళ్ళీ కూర్చున్నాం. ఈ రెండు కాలువల ఫోటోలకు తేడా లేకపోవచ్చు, కానీ మరుసటి సెకనులో ఏం జరుగుతుందో వేరు కదా అని మొదలుపెట్టాను. గోటీ 100 మార్కు దగ్గర ఉందని మాత్రమే చెబితే, తర్వాత ఎక్కడుంటుందో న్యూటన్ కూడా చెప్పలేడు. ఎక్కడుంది, ఎంత వేగంతో ఉంది అని రెండూ ఇస్తేనే ఆయన సమీకరణం ముందుకు నడుస్తుంది. అందుకే పంతొమ్మిదో శతాబ్దంలో హామిల్టన్ యాంత్రికశాస్త్రాన్ని మళ్ళీ రాసినప్పుడు, స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ (మొమెంటం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) పక్కపక్కన, రెంటినీ 'ఈ క్షణపు స్థితి'గా పెట్టాడు. అంటే రసెల్ చెప్పినట్టు వేగం చుట్టుపక్కల క్షణాలది. లెక్క వేసేటప్పుడు మాత్రం అది ఈ క్షణానిదే. తత్వశాస్త్రం వాళ్ళు దీని మీద ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు రసెల్ వైపే మొగ్గు. ఆమెకు హామిల్టన్ నచ్చాడు. "మా నాన్న రిజిస్టర్ల కింద తూము తెరిచి ఉందా లేదా అని ఇంకో గడి పెట్టినట్టు" అంది. ఇంతకంటే మంచి పోలిక నేను చెప్పలేను.

మన దగ్గర ఈ సంగతి లెక్కల్లోకి ఇంకా ముందే వచ్చింది. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు గ్రహాల కదలికకు రోజు మొత్తానికి తీసిన స్థూల గతి వేరు, తాత్కాలిక గతి, అంటే ఆ క్షణపు గతి, వేరు అన్నాడు. చంద్రుడి వేగం క్షణక్షణానికీ మారుతుంది కాబట్టి చంద్రుడి లెక్కకు రెండోది కావాలని చెప్పాడు. మా గోటీకి 93.8 స్థూలం, 85 తాత్కాలికం.

సాగర్ పేరున్న ఆయన

ఇక్కడి పిల్లలకు జీనో పేరు కొత్త, నాగార్జున పేరు బస్సు బోర్డు మీద రోజూ చూస్తారు. నాగార్జునకొండకూ బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడికీ ఉన్న సంబంధం సంప్రదాయం చెప్పేది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న ఆ లోయ ఇప్పుడు చాలావరకు జలాశయం అడుగున ఉంది. నాగార్జునుడి కాలం క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం ప్రాంతం. ఆయన రాసిన మూలమధ్యమక కారికలో రెండో ప్రకరణం మొత్తం చలనం మీదే. పోయిన దారిలో పోవడం లేదు, అది అయిపోయింది. పోని దారిలోనూ లేదు, ఇంకా మొదలుకాలేదు. ఈ రెండూ కాకుండా 'పోతున్న దారి' అని మూడోది ఎక్కడుంది అని అడుగుతాడు ఆయన.

జీనో చెప్పిందీ ఇదే అని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. జీనో చలనమే అబద్ధమని నిరూపించదలచాడు. నాగార్జునుడు పోయేవాడూ పోవడమూ ఒకదాన్ని వదిలి ఒకటి విడిగా నిలబడవని చూపిస్తాడు. ఇద్దరికీ దారులు వేరు. అయినా క్లాసులో ఇది పనికొచ్చింది, ఎందుకంటే మన భాషలో ఆ చిక్కంతా ఒక ముక్కలో ఉంది. పోయింది, పోతది, ఈ రెంటి మధ్య 'పోతున్నది'. ఆ '-తున్న' ఒక్క క్షణానికి అంటదు, అటు కొంత ఇటు కొంత పట్టుకుని ఉంటుంది. పిల్లలకు అవధి నిర్వచనం చెప్పేముందు ఇప్పుడు దీన్నే రాయిస్తున్నాను.

రెండో ఏడు

సెకండియర్‌లో పరమాణువుల పాఠానికి వచ్చేసరికి ఆమె మళ్ళీ బాణం దగ్గరికే వచ్చింది. ఒక యూట్యూబ్ వీడియోలో చూసిందట, స్థలం ప్లాంక్ పొడవు అనే గింజలతో తయారైంది కాబట్టి జీనో సమస్య తీరిపోయిందని. ఇది ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది, కాబట్టి గట్టిగానే ఖండించాను. ప్లాంక్ పొడవు 1.6 × 10⁻³⁵ మీటర్లు. ఆ స్థాయిలో మనకు తెలిసిన సిద్ధాంతాలు చాలవన్నంతవరకే దాని అర్థం. స్థలం అక్కడ గింజలుగా ఉందని ఏ ప్రయోగమూ చూపించలేదు.

క్వాంటం సిద్ధాంతం నిజంగా తాకేది జీనో మొదటి మాటను, బాణం తనకు సరిపడా చోటులో ఉంటుందన్నదాన్ని. హైసెన్‌బర్గ్ 1927లో చెప్పినదాని ప్రకారం, చోటు ఎంత ఇరుకైతే వేగం అంత అనిశ్చితం. ఎలక్ట్రాన్‌ను ఒక పరమాణువంత చోట, 10⁻¹⁰ మీటర్లలో బిగిస్తే, దాని వేగంలో అనిశ్చితి కనీసం సెకనుకు 580 కిలోమీటర్లు. మా 5 గ్రాముల గోటీకి ఇదే లెక్క వేయించాను. దాని చోటు పదో వంతు మిల్లీమీటరు దాకా తెలిసినా వేగంలో తేడా సెకనుకు 10⁻²⁸ మీటర్లు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళు గడిచినా ఆ వేగంతో ఒక పరమాణువంత దూరం జరగదు. కాబట్టి 72, 96 గొడవ హైసెన్‌బర్గ్ మీదికి నెట్టొద్దు, అది టైలర్ టేపు తప్పు. ఇంకోటి, ఎలక్ట్రాన్ క్షణపు స్థితిని తరంగంగా రాస్తాం. ఆ తరంగం అలలు ఎంత దగ్గరగా ఉంటే ద్రవ్యవేగం అంత ఎక్కువ. అంటే ఆ ఒక్క 'ఫోటో'లోనే కదలిక ఉంది. ఇది విని ఆమె తన హామిల్టన్ గెలిచాడంది. నేను పూర్తిగా ఒప్పుకోలేదు.

జీనో పేరు పెట్టుకున్న క్వాంటం సంగతి వేరే ఉంది. 1977లో బైద్యనాథ్ మిశ్రా, కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్ కలిసి ఒక లెక్క చూపించారు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారబోయే వ్యవస్థను మాటిమాటికీ కొలుస్తుంటే అది మారడం ఆగిపోతుంది. మొలిచిందా అని పత్తి గింజను పూటకోసారి తవ్వి చూస్తే ఏమవుతుందో మా పిల్లలకు తెలుసు. 1990లో అమెరికాలోని బౌల్డర్‌లో ఇటానో, వైన్‌లాండ్ బృందం దీన్ని బెరీలియం అయాన్ల మీద చేసి చూపించింది. 256 మిల్లీసెకన్ల రేడియో తరంగం పూర్తయ్యేసరికి అయాన్లన్నీ మారాలి. మధ్యలో కూడా చూస్తూ మొత్తం రెండుసార్లు చూస్తే సగం, నాలుగుసార్లకు 37.5 శాతం, 64 సార్లు చూస్తే 3.7 శాతమే మారాలని లెక్క. కొలతలు దానికి దగ్గరగానే వచ్చాయి. ఇందులో కిటుకు ఏమిటంటే, మొదట్లో మారే అవకాశం సమయపు వర్గంతో పెరుగుతుంది. సమయాన్ని పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో అవకాశం వందో వంతుకు పడిపోతుంది. పది ముక్కలు కలిపినా పదో వంతే. దీనివల్ల జీనో గెలిచినట్టు కాదు. జీనో బాణాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఇక్కడ చూడటమంటే లేజర్‌తో తాకడం.

మళ్ళీ చేస్తే

ఇది ఒక్క అమ్మాయి కథ, దీన్నుంచి అందరికీ సూత్రం తీయలేను. మరుసటి ఏడు ఇదే వరసలో చేస్తే సగం మందికి గోటీ ఆటగానే మిగిలింది. ఇద్దరు పిల్లలు అసలు వేగం దగ్గర ఆగలేదు, 'సగటు' అనే మాట దగ్గరే ఆగారని చాలా తర్వాత తెలిసింది. ఒక్కటి మాత్రం మార్చాను. పిల్లల ప్రశ్నను ముందు వాళ్ళ చేతే కాగితం మీద రాయించి, రెండుసార్లు చదివాకే నోరు తెరుస్తున్నాను. బస్సుల లెక్కను ఇప్పుడు గోటీ తర్వాతే చెబుతున్నాను, 60 అంటే ఏమిటో తెలిశాక.

ఆమె ఇప్పుడు డిగ్రీ. మొన్న జీనో నాలుగో చిక్కు చదివానని మెసేజ్ పెట్టింది. ఒక వరస నిలబడి ఉంటే, మిగిలిన రెండు వరసలు ఎదురెదురుగా ఒకే వేగంతో పోతుంటాయి. అంత సేపట్లోనే ఎదురొచ్చే వరసలో రెండింతల మందిని దాటేస్తారు కాబట్టి సగం సమయమూ రెండింతల సమయమూ ఒకటే అంటాడు జీనో. "ఎవరిని చూసి కొలిచిండో చెప్పనేలేదు గదా మేడం" అని రాసింది. కింద ఇంకో లైను: "మరి ఎదురుగ వచ్చేది వెలుతురు అయితే? నేను పోయే కొద్దీ అది ఇంకా జోరుగ రావాలె గదా?"

రాదని రాశాను. 1905 నాటి ఐన్‌స్టీన్ సంగతి ఫోనులో చెప్పేది కాదు, దసరాకు ఇంటికి వచ్చినప్పుడు రమ్మన్నాను.